దొరగారి పస్తు

సోమవారం

నా రాత కోడి కెలికినట్టుంటుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ సరిగ్గా రాదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే మన్నించాలి. మన్నించాల్సింది ఎవరో నాకే తెలియదు, ఇది నాకోసం నేను రాసుకుంటున్నది. అయినా తప్పు రాస్తున్నప్పుడు ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది.

ఇవాళ ఆయన చేతిని దొర పొడిచింది.

కింద హోటల్లో, భోజనాల హాలు మధ్యలో గోడంత అద్దాల తొట్టి ఉంది. నిండా ఉప్పునీళ్లు, సముద్రపు చేపలు. దాన్ని చూసుకోవడమే ఆయన పని. తొట్టి బాగుంటే ఆ పని ఉంటుంది, ఆ పని ఉంటే మేడ మీద మాకీ గది ఉంటుంది. దొర అంటే అందులోని లయన్ ఫిష్. ఎర్ర చారలు, విసనకర్రల్లాంటి రెక్కలు, వీపు మీద విషపు ముళ్లు. ఎవరికీ దారి ఇవ్వకుండా తొట్టంతా తనదే అన్నట్టు తిరుగుతుందని వంటింట్లో వాళ్లు ఆ పేరు పెట్టారు.

ఆయన అద్దం లోపలి పాచి గీకుతుంటే వెనక్కి వెనక్కి వచ్చి బొటనవేలి మొదట్లో గుచ్చింది. చెయ్యి రొట్టెలా ఉబ్బింది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి కూర్చోబెట్టాం. ఆయన కళ్లలో నీళ్లు చూడటం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. వదిన, అంటే ఆయన అక్క, మాతోనే ఉంటుంది, కింద కూరగాయలు తరుగుతుంది. "తిండి పెట్టిన చేతినే పొడిచిందిరా, అచ్చం మన చుట్టాల్లాగే" అంది. అంత నొప్పిలోనూ ఆయన నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. దొర, చెయ్యి కనబడితే తప్పుకునే చేప. ఇవాళ చూడనట్టు వచ్చింది.

మంగళవారం

గాయం మానేదాకా ఆ నీళ్లలో చెయ్యి పెట్టకూడదని డాక్టరు చెప్పాడు. హోటలు యజమానిని అందరం పెద్దాయన అంటాం. అప్పటిదాకా నీ భార్యను చూసుకోమను అని పెద్దాయన మా ఆయనకు కబురు పంపారు.

తుడవడం, కడగడం నాకు వచ్చు. భయమంతా సాయంత్రం గురించే. హాలు నిండాక ఈయన తొట్టి పక్కన స్టూలెక్కి, బతికున్న చిన్న బంగారు చేపలను లోపల వదులుతారు. దొర రెక్కలు విప్పి, వాటిని మూలకు తోసి, ఒక్కొక్క గుటకలో మింగుతుంది. జనం ప్లేట్లు వదిలేసి వచ్చి చప్పట్లు కొడతారు. ఆ ఆటకోసమే వచ్చేవాళ్లున్నారట.

అంతమంది ముందు స్టూలెక్కి నిలబడటం నా వల్ల కాదన్నాను. జనం ఉండగా వంటింటి తలుపు దాటి హాల్లోకి నాలుగుసార్లైనా వచ్చినదాన్ని కాదు నేను. ఏడుపొచ్చేసింది. వదిన, "కొత్త పెళ్లికూతురు కదా, ఇంకా పదేళ్లు సిగ్గుపడుతుంది" అంది. చివరికి ఆయనే పెద్దాయనతో మాట్లాడారు. హోటలు తెరవకముందు, పొద్దున్నే నేను మేత వేయొచ్చు. కానీ వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం ఎవరిదో పెద్ద పుట్టినరోజు విందు ఉంది. ఆ సాయంత్రం మాత్రం ఆట ఉండాల్సిందేనట.

బుధవారం

బంగారు చేపల ప్యాకెట్టు పొద్దున్నే వెనక తలుపు దగ్గర పెట్టి పోతారు. ఒకదాన్ని వదిలాను. దొర వచ్చింది, నోరు తెరిచింది, చేప పక్కన ఉన్న నీళ్లను మింగింది. మళ్లీ వెళ్లి అద్దానికి కొట్టుకుంది. మూడోసారికి దొరికింది. ఈలోపు ఆ చిన్నది ఉప్పునీళ్లలో గిలగిలలాడిపోయింది.

దొర పొట్ట బంతిలా ఉంది. చూసేవాళ్లు బాగా బలిసింది అనుకుంటారు.

పెళ్లైన కొత్తలో ఆయన నన్ను ఈ తొట్టి పక్కనే కూర్చోబెట్టుకునేవారు. నాతో ఏం మాట్లాడాలో తెలియక చేపల తిండి గురించి చెప్పేవారు. పసుపు చేపకు ఆకు కావాలి, సముద్రపు పాచి రేకును క్లిప్పు పెట్టి అద్దానికి తగిలించాలి. చారల చేపలకు ఒకరోజు రొయ్య ముక్క, ఒకరోజు ఆలిచిప్పల మాంసం. గడ్డకట్టిన మేతను గిన్నెడు తొట్టినీళ్లలో కరగనిచ్చి, ఆ నీళ్లు పారబోసి, ముక్కలు మాత్రమే వెయ్యాలి. తిన్నంతే వెయ్యాలి, మిగిలింది విషం. "రోజూ ఒకే కూరతో నీకు మాత్రం సయిస్తుందా?" అని అడిగేవారు. నాతో అంతకంటే ముద్దైన మాటలు ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడే ఇంకో మాట కూడా చెప్పారు. వేరే హోటల్లో ఇలాంటి చేపే చచ్చిపోయిందని. మంచినీళ్ల చేప సముద్రపు చేపకు తిండి కాదు, ఎప్పుడో ఒకటైతే ఫరవాలేదు, రోజూ అదే పెడితే లోపల కొవ్వు పేరుకుంటుంది, నరాలు చచ్చుబడతాయి, పైకి మాత్రం నిండుగా కనబడుతుంది అని. అప్పట్లో దొరకు కూడా రొయ్యలే వేసేవారు. తర్వాత పెద్దాయన ఎవరో అతిథికి చూపించడానికి ఒక బంగారు చేప వెయ్యమన్నారు. ఆ రోజు నుంచి రోజూ అదే.

ఆయన మర్చిపోయి ఉంటారు. ఇంత పనిలో ఎవరికైనా మరుపు వస్తుంది.

శుక్రవారం

ఇవాళ బంగారు చేపలు వెయ్యలేదు. మెట్ల కింద పగుళ్ల టబ్బు ఒకటి ఉంది, గుడ్డలు నానబెట్టేది. దాని పగుళ్లకు మైనం పూసి, నీళ్లు పోసి, వాటిని అందులో వదిలాను. పైన చాట బోర్లించాను.

సన్నటి గాజు కడ్డీ చివర రొయ్య గుచ్చి దొర ముందు ఆడించాను. ప్రాణం లేనిది కూడా తిండేనని అది మర్చిపోయింది. కర్రను చూసినట్టు చూసి వెళ్లిపోయింది.

పైకి వెళ్లగానే ఆయన అడిగారు.

"తిన్నదా?"

"తిన్నదండీ."

"అన్నీ?"

"అన్నీ."

ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం. ఇంత తేలికగా వస్తుందనుకోలేదు.

ఆదివారం

దొర తినలేదు.

సోమవారం

తినలేదు. ఆకలి వేస్తే అదే తింటుంది. ఏ జీవైనా అంతే.

మిగతా చేపలు మాత్రం తేరుకుంటున్నాయి. ఆయన ఈ మధ్య పాచి రేకు తగిలించడం మానేశారేమో, పసుపు చేప రంగు పాలిపోయి ఉండేది. ఇప్పుడు రేకు కనబడితే చాలు, పేపరు చింపినట్టు పరపరా లాగుతోంది. రొయ్యలను చారల చేపల నోటికి తగ్గట్టు తరుగుతున్నాను. ఆయన కొన్న విటమిన్ చుక్కల సీసా అలమారా వెనక దుమ్ముకొట్టుకుని కనబడింది. తేదీ చూస్తే ఎప్పుడో దాటిపోయింది. పారబోసి, వదినతో కొత్తది తెప్పించాను. జలుబు మందు అనుకుంది.

రొయ్యలిచ్చేది వంట బాబాయి. ఇవాళ గిన్నె అందిస్తూ, "దొరగారు భోంచేశారా అమ్మడూ? నా చేతి వంట నచ్చకపోతే చెప్పమను, ఉప్పు తగ్గిస్తాను" అన్నాడు. వంటింట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కొవ్వెక్కి చస్తే అది మెల్లగా చస్తుంది, ఎవరి తప్పో ఎవరూ చెప్పలేరు. పస్తుతో చస్తే చంపింది నేనే. తొట్టి పోతుంది, పని పోతుంది, గది పోతుంది, అన్నీ ఒక ఐదో తరగతి తెలివితేటల వల్ల.

బుధవారం

వదినకు టబ్బు కనబడింది.

చీపురు కోసం మెట్ల కిందికి వంగితే చాట కింద నీళ్ల చప్పుడు వినబడిందట. నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. అరవలేదు. వదిన అరవకపోతేనే భయం.

"ఏమే, ఇవి ఇక్కడ పిల్లల్ని పెడుతున్నాయా?"

ఉన్నదంతా చెప్పాను. ఆయన మర్చిపోయారని, నేను గుర్తుంచుకున్నానని, అది తినడం మొదలుపెట్టాక నేనే ఆయనకు చెప్దామనుకున్నానని. వదిన టబ్బు వంక చూస్తూ అంతా విన్నది.

"వాడు మర్చిపోయాడని ఎవరు చెప్పారు నీకు?"

మళ్లీ అదే చెప్పబోతే వదిన ఆపింది.

"వాడికి తెలుసే, పిచ్చిదానా. నాతోనే అన్నాడు. బతికినన్నాళ్లు బతుకుతుంది, పోతే పెద్దాయన ఇంకోటి కొంటాడు, ఆయనకు కావాల్సింది ఆట, మనకు కావాల్సింది గది అన్నాడు. నువ్వేదో వాడి కళ్లు తెరిపిస్తున్నాననుకుంటున్నావు. తెరిచిన కళ్లతోనే చేస్తున్నాడు వాడు."

చాట మళ్లీ బోర్లించి, తమ్ముడికి చెప్పనులే అని, చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

వదిన నోరు ఊరుకోదు. అక్కాతమ్ముళ్ల మధ్య ఏదో మాట వచ్చి ఉంటుంది. ఆ కోపం నా దగ్గర తీర్చుకుంది.

గురువారం

వదిన అబద్ధం చెప్పింది.

ఇవాళ రొయ్యను చూసి దొర తల తిప్పింది. తిప్పిందనే అనుకుంటున్నాను.

శుక్రవారం

పొట్ట దిగింది. బంతిలా లేదు. మంచిదే అనుకున్నాను పొద్దున. కానీ తల కిందికి వేలాడేసి, రాతి పక్కన కదలకుండా నిలబడి ఉంది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. ఒక బంగారు చేప వేసేస్తే? ఒక్కటే. ప్రాణం నిలబడుతుంది కదా, రేపటి నుంచి మళ్లీ రొయ్య పెట్టొచ్చు. టబ్బు దాకా వెళ్లాను. వలలోకి ఒకటి వచ్చింది కూడా. మళ్లీ వదిలేశాను. ఇప్పుడు వేస్తే ఇన్నాళ్ల పస్తూ వృథా. అలా అనుకుని వదిలానో, మళ్లీ గురి తప్పడం చూడలేక వదిలానో నాకే తెలియదు.

శనివారం

అన్నం తింటున్నప్పుడు ఆయన కట్టు లేని చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"రొయ్య వాసన వస్తోంది."

"చారల చేపలకు తరిగానండీ."

"అంత చిన్న ముక్కలకి ఇంత వాసనా?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నీళ్లు తాగాను. ఆయన కూడా తాగారు. రేపు విందుకి ఎంతమంది వస్తున్నారో చెప్పారు. కింద హాల్లో బల్లలు జరుపుతున్న చప్పుడు పైదాకా వినబడింది. తర్వాత ఆయన మామూలుగానే అడిగారు.

"దొర తింటోంది కదా?"

"తింటోందండీ."

ఆయన నా మొహం వంక చూడలేదు. నేను ఆయన మొహం వంక చూడలేదు.

ఆదివారం

పొద్దున కడ్డీ పెట్టి చూశాను. తినలేదు.

సాయంత్రం నాలుగింటి నుంచే జనం. పిల్లల అరుపులు, బెలూన్లు, కుర్చీల చప్పుడు. నేను వంటింటి తలుపు వెనక నిలబడ్డాను. పెద్దాయన తొట్టి దగ్గర లైట్లు పెంచి, అందరూ రండి రండి అని పిలిచారు. ఈయన మెట్ల వైపు వెళ్లారు. తిన్నగా టబ్బు దగ్గరికే వెళ్లారు. బంగారు చేపలు ఎక్కడ పెట్టావని నన్ను అడగలేదు.

వదిన చెప్పి ఉంటుంది అనుకుని అటు చూశాను. వదిన ఉల్లిపాయలు తరుగుతూ తల అడ్డంగా ఊపింది.

ఆయన ఎడమచేత్తో బకెట్టు మోసుకుంటూ హాల్లోకి పోయారు. స్టూలెక్కారు. వల ముంచి ఎత్తారు. అందులో ఐదారు చేపలు ఎగురుతున్నాయి.

నేను తలుపు దాటాను. ఎలా దాటానో గుర్తులేదు. అంతమంది మధ్యలోంచి నడవడం గుర్తుంది, ఎవరి మోచెయ్యో తగలడం గుర్తుంది. స్టూలు పక్కన నిలబడ్డాను. చేతిలో గాజు కడ్డీ, చివర రొయ్య.

"వద్దండీ."

ఆయన తల తిప్పకుండానే మెల్లగా అన్నారు. "లోపలికి పో. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి."

పెద్దాయన దగ్గరికి వచ్చి ఏమిటి సంగతని అడిగారు. వల నీళ్ల మీద అలాగే వేలాడుతోంది. నేనే చెప్పాను.

"గట్టిగా చెప్పమ్మాయ్, వినబడలేదు" అన్నారు పెద్దాయన.

అదే మాట రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఈసారి హాల్లో అందరూ విన్నారు.

"అయ్యా, దానికి ఇవి పెట్టడం నేనే మానేశాను. ఈయనకు తెలియదు. ఇవే రోజూ తింటే అది చచ్చిపోతుంది. ఇది తినాలి. నేను తినిపిస్తాను."

పెద్దాయన నవ్వు మొహంతోనే, పళ్ల మధ్య నుంచి, కానివ్వు మరి, అతిథుల ముందు నా పరువు తియ్యకు అన్నారు. ఆయన స్టూలు దిగారు. నేను ఎక్కాను.

కడ్డీ ముంచి ఆడించాను. దొర రాతి పక్కనే వేలాడుతోంది. ఆడించాను. కదల్లేదు. వెనక ఎవరో, "డైటింగులో ఉందేమో" అన్నారు. నవ్వులు. ఇంకాసేపటికి ఆ నవ్వులు కూడా ఆగిపోయాయి, కుర్చీలు లాక్కుంటున్న చప్పుడు మొదలైంది. పిల్లలు బెలూన్ల వైపు పోయారు. నా చెయ్యి భుజం దాకా వణుకుతోంది. నీళ్లలో రొయ్య కూడా వణుకుతోంది. పెద్దాయన ఈయన చెవిలో ఏదో అన్నారు. ఈయన మొహం తెల్లబోయింది.

ఇప్పుడు వల తీసుకుంటారు అనుకున్నాను.

ఆయన స్టూలుకు ఆనుకుని నిలబడ్డారు. అద్దం వైపు చూస్తూ, నాకు మాత్రమే వినబడేట్టు అన్నారు.

"నీ చెయ్యి కదుపుతున్నావు. కదలాల్సింది రొయ్య. మణికట్టు ఆపి వేళ్లతో కడ్డీని తిప్పు."

వేళ్లతో తిప్పాను. రొయ్య ఈదినట్టే ఈదింది.

"ఆ పక్క కాదు. దానికి కుడి కన్ను కనబడదు. ఎడమ వైపు నుంచి తీసుకురా. కాస్త దూరంలో ఆపు. పారిపోతున్నట్టు వెనక్కి లాగు."

ఎడమ వైపు నుంచి తెచ్చాను. ఆపాను. లాగాను.

దొర రెక్కలు విప్పింది. చాలా మెల్లగా, విప్పాలా వద్దా అన్నట్టు. ఒక్క జానెడు ముందుకు వచ్చింది. తర్వాత కడ్డీ చివర ఏమీ లేదు. నేను చూసేలోపే అయిపోయింది. కడ్డీ అదిరింది, అంతే తెలుసు.

తొట్టి పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ ఒక్కతే కూర్చుని తింటోంది. ఆవిడ చెంచా కింద పెట్టి, "మింగేసింది. ఏదీ, ఇంకోసారి" అంది. ఆ మాటకి పిల్లలు తిరిగొచ్చారు. వంట బాబాయి తలుపు దగ్గర నుంచి రొయ్యల గిన్నె పంపాడు. రెండోది తిన్నది. మూడోదానికి గురి తప్పింది, మళ్లీ తిరిగి పట్టుకుంది. జనం మళ్లీ మూగారు. ఉమ్మేస్తుందేమోనని నాకు భయం. ఆయన ఇక చాలు, ఇన్నాళ్ల పస్తు మీద ఎక్కువ పెట్టకూడదు అన్నారు.

దిగేసరికి పెద్దాయన నా ముందు నిలబడి ఉన్నారు. రోజూ సాయంత్రం ఇలా అందరి ముందూ తినిపించగలవా అని అడిగారు. మీ ఆయన కాదు, నువ్వు. జనానికి నువ్వే నచ్చావు అన్నారు. తినని రోజున మాత్రం తొట్టి తీయించేస్తానన్నారు.

చేస్తానన్నాను. బతికున్న చేపలు మాత్రం ఇక తెప్పించకండి అని కూడా అన్నాను. ఆ మాట ఎవరో అన్నట్టు విన్నాను.

సోమవారం

పొద్దున ఆయన నా పక్కన కూర్చుని, దొర మేత ఎలా మార్చాలో చెప్పారు. రొయ్యలొక్కటే అయితే మళ్లీ అదే కథ. ఒకరోజు రొయ్య పెంకుతో సహా, ఒకరోజు సముద్రపు చేప ముక్క, ఒకరోజు ఆలిచిప్ప. వారంలో కొన్ని రోజులు ఏమీ పెట్టొద్దు. విటమిన్ చుక్కలు ముక్కలోకి ఇంకేదాకా ఆగాలి. అన్నీ కొత్తలో చెప్పినట్టే చెప్పారు, అదే గొంతుతో. ఏమీ పెట్టని రోజున సాయంత్రం జనానికి ఏం చూపించాలి అని అడిగాను. పసుపు చేప ఆకు తినడం చూస్తారులే అన్నారు. ఇద్దరం నవ్వాం.

బంగారు చేపలను వంట బాబాయి పెరటి తొట్టిలో వేసుకున్నాడు. దోమలను తింటాయట.

ఇంకాసేపట్లో కిందికి వెళ్లాలి. స్టూలెక్కాలి. చేతులు ఇప్పటి నుంచే చల్లబడుతున్నాయి. రేపూ ఎక్కాలి, ఎల్లుండీ ఎక్కాలి.

దొర కుడి కన్ను సంగతి ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు. ఆ తిండికి కన్ను ఒక్క రోజులో పోదు. పక్కనే ఉండి రోజూ చూస్తే తప్ప అది ఎవరికీ తెలియదు. ఆయన చూశారు. చూస్తూనే వల ముంచారు. చేతికి ముల్లు గుచ్చుకున్న రోజున కూడా ఎందుకు గుచ్చుకుందో ఆయనకు తెలుసు.

పెద్దాయన ముందు, ఈయనకు తెలియదు అన్నాను. ఆయన కాదనలేదు. నిన్న ఆ కుడి కన్ను మాట నోరు జారిందని, నేను చేప గొడవలో గమనించలేదని అనుకుంటున్నారు. అందుకే పొద్దున అంత హాయిగా నవ్వారు. అలాగే అనుకోనివ్వాలి. నాకు కోపం తగ్గేదాకా, తగ్గకపోయినా కూడా. ఆ గొంతుతో చెప్పే మాటలు నాకింకా కావాలి.

ఈ కాగితాలు ఎవరి చేతికైనా వస్తే దయచేసి పొయ్యిలో పడేసి కాల్చేయండి. నన్ను తిట్టుకోండి ఫరవాలేదు. నాకు తెలుసని మాత్రం ఆయనకు తెలియనివ్వకండి.